దినసరి రాకపోకలకు చౌక మోటారు సైకిలు: పరీక్షించి కొనుట ఎట్లు?

తెల్లవారుజామున అయిదు గంటలు కాకమునుపే రాజీవ్ రహదారిమీద మోటారు సైకిళ్ల దీపములు బారులు తీరి కానవచ్చును. షామీర్‌పేట దాటి హకీంపేట, అల్వాల్, లోతుకుంట, తిరుమలగిరి, కార్ఖానాల మీదుగా సికింద్రాబాదు చేరు ఈ బండ్లపై పాలక్యానులు కట్టుకొన్నవారు, తాపీపనివారు, ఆసుపత్రులలోను దుకాణములలోను పనిచేయువారు, చదువుకొను యువకులు ఉందురు. మేడ్చల్ వైపునుండి కూరగాయల మూటలతో బోయినపల్లి మార్కెట్టుకు వచ్చువారు వేరు. చీకటి పడిన తరువాత ఇదే బారు తిరుగుముఖము పట్టును. వీరిలో అధిక సంఖ్యాకులు ఎక్కి తిరుగునవి 100 సి.సి. తరగతికి చెందిన చిన్న మోటారు సైకిళ్లే.

ఇట్టి బండి కొనదలచిన యువకుడు తరచుగా మొదట వచ్చునది వార్డు సభ్యుని వద్దకు. "అన్నా, ఏ బండి తీసుకోమంటవు?" అని అడుగును. పది దినముల తరువాత మరల వచ్చి అప్పు కాగితముపై జామీను సంతకము చేయుమని కోరును. మొదటి ప్రశ్నకు తోచిన పేరు చెప్పి పంపిన సభ్యుడు రెండవ కోరిక వచ్చునప్పటికి ఇరుకున పడును. బండి వెల ఆ కుటుంబమునకు కొన్ని నెలల సంపాదన. దానిపై కూర్చుండువాడు ఇంటికి ఆధారము. కావున ఈ రెండు ప్రశ్నలకును లెక్క చూచి జవాబు చెప్పుట ఎట్లో ఈ వ్యాసమున వివరింపదలచినాము.

స్కూటరు కొరకు పేరు నమోదు చేయించుకొని సంవత్సరముల తరబడి వేచియున్న కాలము పెద్దలకు జ్ఞాపకముండును. ఆ దినములలో గ్రామములలో కనబడినవి బుల్లెట్టు, జావా, రాజ్‌దూత్ బండ్లు. సనత్‌నగరమునందలి హైదరాబాదు ఆల్విన్ సంస్థ కూడ ఒకప్పుడు 'పుష్పక్' అను పేర స్కూటర్లను విడుదల చేసినది. అవి పెట్రోలులో నూనె కలిపి పోసిన రెండు స్ట్రోకుల బండ్ల దినములు. 1985లో హీరో హోండా సంస్థ సి.డి. 100 అను నాలుగు స్ట్రోకుల బండిని తెచ్చిన తరువాత ఈ పరిస్థితి మారినది. పొగ తగ్గినది, పెట్రోలు ఖర్చు తగ్గినది. 1994లో వచ్చిన స్ప్లెండర్ అదే మార్గమున నడచినది. నేడు మన గ్రామములలో కానవచ్చు చిన్న బండ్లన్నియు, ఏ సంస్థవైనను, ఆ మార్గముననే నడచుచున్నవి.

నేడు ఈ తరగతిలో పేరుగన్నవి హీరో వారి స్ప్లెండర్ ప్లస్, హెచ్.ఎఫ్. డీలక్స్, బజాజ్ వారి ప్లాటినా 100, టి.వి.యస్. వారి స్పోర్ట్, 2023లో వచ్చిన హోండా వారి షైన్ 100. వీనిలో ఏది ఉత్తమమని అడిగిన, ఎవరికి, ఏ రోడ్డుపై అని తిరిగి అడుగవలసి యుండును. స్ప్లెండర్ ఇంజను 97.2 సి.సి., షైనుది 98.98 సి.సి., ప్లాటినాది 102 సి.సి. శక్తి ఇంచుమించు ఏడున్నర, ఎనిమిది అశ్వబలముల వద్దనే యున్నది. ఈ స్వల్ప భేదములను పట్టుకొని వాదులాడుట వ్యర్థము. భేదము తెలియునది ఇతర అంకెలలో. షైను బరువు 99 కిలోలు; స్ప్లెండర్ 112 కిలోలు. ఇరుకు సందులో బండిని వెనుకకు త్రోయవలసిన బక్కపలుచని మనిషికి ఈ 13 కిలోల విలువ తెలియును. ప్లాటినా కడుపునకు నేలకు మధ్య ఎడము 200 మిల్లీమీటర్లు. తక్కిన రెండింటికి 165, 168. పొలముగట్టు దారిన, రాళ్లు తేలిన మొరము రోడ్డున పోవువారికి ఈ మూడు వ్రేళ్ల ఎడము లాభకరము. అయితే ప్లాటినా సీటు రెండు సెంటీమీటర్లు ఎత్తు. పొట్టివారు రెండు పాదములు నేలకానునట్లు కూర్చుండి చూచుకొనవలెను. ఇవి తయారీదారులు ప్రకటించిన అంకెలు. నమూనాలు మారినపుడు ఇవియు కొలదిగా మారుచుండును. కొనునాటి పత్రమును చదివి సరిచూచుకొనవలెను.

మన గ్రామస్థుని ప్రయాణములో ఒక విశేషము కలదు. నగరవాసి బండి నడుచునది ఒక్క రకపు రోడ్డుపై. గ్రామమునుండి సికింద్రాబాదుకు పోయి వచ్చువాని బండి ప్రతిదినము మూడు రకముల రోడ్లను చూచును. ఇంటినుండి రహదారి వరకు రెండు మూడు కిలోమీటర్లు గుంతలు, మట్టి. తరువాత లారీలతో సమానముగా పరుగెత్తవలసిన వెడల్పాటి రహదారి. ఆపై తిరుమలగిరి దాటినది మొదలు జూబిలీ బస్ స్టేషను, ప్యాట్నీ కూడలి, స్టేషను వరకు ఆగుచు కదలుచు పోవు రద్దీ. మొదటి రోడ్డు స్ప్రింగులను, చక్రములను పరీక్షించును. రెండవది బ్రేకును, దీపమును పరీక్షించును. మూడవది క్లచ్చిని, నడుపువాని నడుమును పరీక్షించును. దుకాణమువారు పరీక్షకని ఇచ్చు బండి, దుకాణము ముందరి నున్నని రోడ్డుపై ఒక్క ఫర్లాంగు పోయి వచ్చును. దాని వలన తెలియునది రంగు నచ్చినదా లేదా అన్నంత మాత్రమే.

అంతకన్న మేలైన పరీక్ష గ్రామములోనే దొరకును. తాను కొనదలచిన నమూనా బండినే రెండు మూడేండ్లుగా వాడుచు, ఇరువది ముప్పది వేల కిలోమీటర్లు తిరిగిన పొరుగువాని వద్దకు పోవలెను. ఆ బండిపై ఇంటినుండి రహదారి వరకు ఒకమారు ఒంటరిగాను, ఒకమారు వెనుక మనిషిని కూర్చుండబెట్టుకొనియు పోయి రావలెను. హ్యాండిలు వణకుచున్నదా, గుంతలో వెనుక చక్రము 'ఢమ్'మని తగులుచున్నదా, రెండవ గేరులో నెమ్మదిగా పోవునపుడు ఇంజను కుదుపుచున్నదా అని చూడవలెను. గొలుసు ఎన్నిమార్లు మార్చినాడో, ఏ భాగము తరచుగా చెడినదో అతడు చెప్పును. క్రొత్త బండి మెరుపు కన్న పాత బండి యజమాని సణుగుడు నమ్మదగినది.

వెనుక కూర్చుండు స్త్రీల సంగతి చాలమంది మరతురు. చీర కొంగో, చున్నీయో వెనుక చక్రములో చిక్కి ప్రాణములు పోయిన ప్రమాదములు మన జిల్లాలలో అరుదు కావు. వెనుకవారు పట్టుకొనుటకు పిడి, పాదములు మోపుటకు ఆధారము, వెనుక చక్రమును సగమునకు తక్కువ కాకుండ కప్పు రక్షణ ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు చెప్పుచున్నవి. అందము కొరకు చీరగార్డును ఊడదీయించు యువకుని ఇంటి పెద్దలు మందలింపవలెను.

ఇక అందరును మొదట అడుగు ప్రశ్న: "లీటరుకు ఎంత ఇచ్చును?" ప్రకటనలలోని అంకె పరీక్షశాలలో, నియమిత వేగమున, ఎండ గాలి లేనిచోట వచ్చినది. మన మూడు రోడ్లపై అది రాదు. నిజమైన అంకె తెలిసికొనుటకు ఒక పద్ధతి కలదు. బండిని మధ్యస్టాండుపై నిలిపి, ట్యాంకు గొట్టములో ఒక గురుతు వరకు (అంచు వరకు కాదు) పెట్రోలు పోయించి, మీటరు అంకె వ్రాసికొనవలెను. నాలుగు దినములు యథాప్రకారముగా పనికి పోయి వచ్చి, అదే బంకులో అదే గురుతు వరకు నింపవలెను. 246 కిలోమీటర్లు తిరిగి 4.1 లీటర్లు పట్టినచో లీటరుకు 60 కిలోమీటర్లు వచ్చినట్లు. ఒకమారు చూచి నిర్ధారణ చేయరాదు. మూడుమార్లు చూచి సగటు కట్టవలెను.

ఈ అంకెకు అతిగా విలువ కట్టుట కూడ పొరపాటే. లెక్క వేసి చూతము. దినమునకు 60 కిలోమీటర్లు, నెలకు 26 దినములు పోయి వచ్చువాడు సంవత్సరమునకు 18,720 కిలోమీటర్లు తిరుగును. లీటరుకు 40 వచ్చు బండికి 468 లీటర్లు కావలెను. 50 వచ్చుదానికి 374 లీటర్లు. అనగా 94 లీటర్లు మిగిలినవి. కాని 70 వచ్చు బండికి 267 లీటర్లు, 80 వచ్చుదానికి 234 లీటర్లు. ఇక్కడ మిగులు 33 లీటర్లు మాత్రమే. రెండుచోట్లను భేదము పది కిలోమీటర్లే అయినను, లాభము మాత్రము మూడవ వంతునకు పడిపోయినది. కాబట్టి ముసలిబండిని బాగుచేయించి 40 నుండి 50కి తెచ్చుకొనుట గొప్ప పొదుపు. 70కి బదులు 80 వచ్చునని చెప్పి పదివేలు ఎక్కువ అడుగు బండిని కొనుట పొదుపు కాదు. లీటరు 107 రూపాయలని వేసికొన్నను ఆ 33 లీటర్ల వెల 3,600 రూపాయలు దాటదు.

ఆ పొదుపును బండికన్న మనిషియే ఎక్కువగా నిర్ణయించును. ఈ చిన్న ఇంజనులు గంటకు 40, 50 కిలోమీటర్ల మధ్య హాయిగా పనిచేయును. వేగము రెట్టింపైన గాలి అడ్డు నాలుగురెట్లగును. రహదారిపై 75లో పరుగెత్తువాడు ఆ అడ్డును పెట్రోలుతో కొనుచున్నాడు. గాలి తక్కువైన చక్రము, బిగిసిన బ్రేకు, ఎండిపోయిన గొలుసు, దుమ్ము పట్టిన గాలి ఫిల్టరు, ఇవన్నియు తలకొంత పెట్రోలు త్రాగును. మొరము రోడ్డున తిరుగు బండి ఫిల్టరును పుస్తకములో చెప్పిన గడువుకన్న ముందే విప్పి చూడవలెను. 2025 నాటికి బంకులలో అమ్ము పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలుకు పెట్రోలుకన్న మూడవ వంతు శక్తి తక్కువ కావున మైలేజీ కొద్దిగ తగ్గుట సహజము. ఇథనాలు నీటిని పీల్చుకొనును గనుక వానలో ట్యాంకు మూత సరిగా బిగియునట్లు చూచుకొనవలెను.

2020 ఏప్రిల్ 1 నుండి బి.యస్. 6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. ఆనాటినుండి ఈ చిన్న బండ్లలోను కార్బురేటరు పోయి, ఫ్యూయల్ ఇంజెక్షను వచ్చినది. దీనివలన చలి ఉదయములలో చోకు లాగవలసిన పని లేదు. కాని పాత అలవాట్లు కొన్ని మానవలెను. మునుపు పెట్రోలు అడుగంటువరకు నడిపి, ఇంజను తడబడినపుడు రిజర్వు త్రిప్పెడివారు. ఇప్పుడు అనేక బండ్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగియుండి, ఆ పెట్రోలుతోనే చల్లబడుచుండును. తరచుగా ట్యాంకు ఎండగట్టినచో పంపు చెడును. దానిని మార్చుట ఖర్చుతో కూడిన పని. మీటరుపై ఇంజను బొమ్మగల పసుపు దీపము వెలిగి ఆరకున్నచో లోపమున్నదని గురుతు. దానిని చదువుటకు యంత్రము కావలెను. మన గ్రామ మెకానిక్కు వద్ద ఆ యంత్రమున్నదా, లేనిచో ఎంత దూరమున ఉన్నది అన్నది బండి కొనకముందే విచారింపవలసిన ప్రశ్న.

విడిభాగముల విషయములో సికింద్రాబాదు సమీపవాసులు అదృష్టవంతులు. రాణిగంజ్ దుకాణములలో దొరకని భాగము తక్కువ. కాని చౌక అనియు, 'కంపెనీదే' అనియు చెప్పి అమ్ము నకిలీ సరకు ఎక్కడనైన ఉండవచ్చును. దీపపు బుడ్డి, అద్దము, సీటు కవరు వంటివి ఎక్కడ కొన్నను పరవాలేదు. బ్రేకు షూలు, క్లచ్చి పలకలు, గొలుసు, ఇంజను నూనె మాత్రము బిల్లు ఇచ్చు దుకాణములోనే కొనవలెను. బ్రేకు షూపై ఏబది రూపాయలు మిగుల్చుట మిగులు కాదు.

బ్రేకు సంగతి వచ్చినది గనుక ఇక్కడ కొంత ఆగుదము. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనములపై పోవుచున్నవారు. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. అందు 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఈ అంకెలలో మన గ్రామములవారు లేరని ఏ సభ్యుడును చెప్పజాలడు.

గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవువాడు ఎదుట గేదెను చూచి, ఒక సెకనులో తేరుకొని, మధ్యరకపు బ్రేకు పట్టినచో పొడిరోడ్డుపై ఆగునప్పటికి సుమారు 27 మీటర్లు పోవును. 60 వేగమున అదే మనిషి, అదే బండి, 51 మీటర్లు పోవును. వేగము ఒకటిన్నర రెట్లయిన దూరము రెట్టింపు కావచ్చినది. తడిరోడ్డుపై ఇంకను ఎక్కువ. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి. వరకు గల బండ్లకు, ఒక మీట నొక్కినపుడు రెండు చక్రములకును బ్రేకు పడు 'కంబైన్డ్ బ్రేకింగ్' ఏర్పాటు తప్పనిసరియైనది. ఇది మంచిదే, ఏలనగా మనవారిలో చాలమంది వెనుక బ్రేకు మాత్రమే త్రొక్కుదురు. ముందు బ్రేకు పట్టిన బోర్లపడుదుమని ఒక భయము. నిజమునకు బండి ఆగునపుడు బరువంతయు ముందు చక్రముపైకి వచ్చును. ఆపు శక్తిలో ఎక్కువ భాగము ముందు బ్రేకుదే. నిటారుగా పోవుచు రెండింటిని కలిపి, క్రమముగా నొక్కుట నేర్చుకొనవలెను. చౌక బండ్లలో ఎక్కువవానికి డ్రమ్ము బ్రేకులే. వాగు దాటిన తరువాత అవి తడిసి పట్టు తప్పును. నెమ్మదిగ పోవుచు రెండు మూడుమార్లు తేలికగా నొక్కి ఆరబెట్టుకొనవలెను. నాలుగు వేల రూపాయలు ఎక్కువైనను ముందు చక్రమునకు డిస్కు బ్రేకు గల నమూనా దొరకినచో, రహదారిపై ప్రతిదినము పోవువాడు దానినే కోరుట మేలని మా అభిప్రాయము. అలంకారపు స్టిక్కర్లకు, సంగీతపు హారనులకు అంతకన్న ఎక్కువే పోయుచున్నారు.

బండి కొనునపుడే ప్రమాణముగల హెల్మెట్టు ఇయ్యవలెనని నియమములలో ఉన్నది. అడిగి పుచ్చుకొనవలెను. దానిపై ఐ.యస్.ఐ. ముద్ర, ఐ.యస్. 4151 అను సంఖ్య ఉన్నవా అని చూడవలెను. రోడ్డు ప్రక్కన కుప్పపోసి అమ్ము పలుచని టోపీలు పోలీసువారి కన్ను కప్పవచ్చునేమో కాని తలను కాపాడవు. 2019 సవరణ ననుసరించి హెల్మెట్టు లేకున్న వేయి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు కలవు. వెనుకవారికి కూడ హెల్మెట్టు కావలెను. కాబట్టి బండితో పాటు కొనవలసినవి రెండు.

చీకటిలో పోవువాడు దీపమును కూడ పరీక్షింపవలెను. 2017 నుండి వచ్చిన బండ్లలో ఇంజను నడచుచున్నంతసేపు ముందు దీపము వెలుగుచునే యుండును. అది ఎదుటివారికి మనము కానవచ్చుటకు. మనకు దారి కానవచ్చుటకు కాంతి చాలునా అన్నది వేరు ప్రశ్న. రాత్రివేళ పొరుగువాని బండి నడిపి చూచిననే తెలియును. కోతల కాలమున మన రోడ్లపై సగము వెడల్పున వడ్లు, మక్కలు ఆరబోసి, నల్లని టార్పాలిను కప్పి, అంచులకు బండరాళ్లు పెట్టుదురు. సికింద్రాబాదునుండి రాత్రి తొమ్మిది గంటలకు తిరిగివచ్చు యువకునికి ఆ నల్లని కుప్ప ఆ నల్లని రోడ్డుపై పదిగజముల దూరములోనికి వచ్చువరకు కానరాదు. ఎంత మంచి బ్రేకైనను అక్కడ పనిచేయదు. ఆరబోయు రైతుకు కల్లము లేదు, అతనిని తిట్టి లాభము లేదు. పంచాయతీవారు ఉమ్మడి కల్లములకు స్థలము చూపుట, అది అగువరకు రాళ్లకు బదులు ఇసుక సంచులు, వానికి తెల్లసున్నము వేయించుట చేయగలరు. సున్నము లేని స్పీడు బ్రేకరు, మలుపులో పెరిగిన తుమ్మచెట్టు, ట్రాక్టరు జార్చిన బురద, ఇవియు ఇట్టివే.

బరువును గురించి పాలవారు ప్రత్యేకముగ గమనింపవలెను. ప్రతి బండి పుస్తకములోను అది మోయదగిన బరువు వ్రాసియుండును. ఈ తరగతిలో అది మనిషితో కలిపి సుమారు 130 కిలోల ప్రాంతమున ఉండును. రెండు నలువది లీటర్ల క్యానుల పాలే 82 కిలోలు. నడుపువాడు 65 కిలోలు. క్యానుల బరువు కలుపకముందే లెక్క 147కి వచ్చినది. ఇట్టి బండికి వెనుక టైరు ముందుగ అరుగును, చువ్వలు విరుగును, బ్రేకు పట్టు తగ్గును. ఈ పని చేయువారికి 100 సి.సి. బండి సరిపోదని చెప్పుటకు మొగమాటపడరాదు. బరువైన బండి కొనవలెను, లేదా ఇద్దరు ముగ్గురు కలిసి మూడు చక్రముల సరకుబండి తీసికొనవలెను.

ఇప్పుడు డబ్బు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల ద్విచక్ర వాహనములపై జి.యస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినది. అయినను దుకాణము గోడపై వ్రాసిన వెల ఒకటి, రోడ్డుమీదికి వచ్చునప్పటికి అగు వెల వేరొకటి. జీవితకాల పన్ను, రిజిస్ట్రేషను, బీమా కలియును. ఇవి తప్పనివి. వీనికి తోడు 'నిర్వహణ' అనియు, 'ఉపకరణము'లనియు కొన్ని పద్దులు చేరును. పద్దు పద్దుకు వేరుగా బిల్లు ఇయ్యుడని కోరినచో వానిలో కొన్ని తామే మాయమగును.

అప్పు విషయములో అసలు మోసము వడ్డీ చెప్పు తీరులో ఉన్నది. 70,000 రూపాయలు మూడు సంవత్సరములకు కావలెననుకొందము. ఒకరు "తొమ్మిది శాతమే, ఫ్లాట్" అందురు. వేరొకరు "పన్నెండు శాతము, తగ్గు నిలువపై" అందురు. వినుటకు మొదటిది చౌక. లెక్క చూడుడు. మొదటివాడు మూడేండ్లకును మొత్తము 70,000 మీదనే వడ్డీ కట్టును: 18,900 రూపాయలు. నెలకు 2,469, మొత్తము చెల్లింపు 88,900. రెండవవాడు కట్టినకొలది తగ్గిన అసలుమీదనే వడ్డీ వేయును. నెలకు 2,325, మొత్తము 83,700. తొమ్మిది కన్న పన్నెండే 5,200 రూపాయలు చౌకయైనది! ఏలనగా ఆ 'ఫ్లాట్' తొమ్మిది నిజమునకు తగ్గు నిలువపై 16 శాతమునకు పైమాట. కాబట్టి శాతమును అడుగరాదు. "నెలకు ఎంత, ఎన్ని నెలలు, మొదట పట్టుకొను రుసుములెంత" అని అడిగి గుణించుకొనవలెను. జామీను పెట్టు సభ్యుడు ఈ గుణకారము తన చేతితో చేయనిదే కలము తీయరాదు. నెల కిస్తు, పెట్రోలు ఖర్చు కలిపి ఆ యువకుడు బస్సుకు పెట్టు ఖర్చుకన్న ఎంత ఎక్కువో, ఆ ఎక్కువకు తగిన పని అతనికి దొరకుచున్నదో లేదో కూడ అడుగవలెను. ఒక్కొక్కమారు సరియైన జవాబు బస్సు పాసే.

విద్యుత్ స్కూటర్ల మాట కూడ అడుగుచున్నారు. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము విద్యుత్ వాహనములకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుములు 2026 డిసెంబరు 31 వరకు మాఫీ చేసినది. దినమునకు ముప్పది నలుబది కిలోమీటర్లు, మంచి రోడ్డు, ఇంటివద్ద నమ్మకమైన కరెంటు గలవారు ఆలోచింపవచ్చును. మూడు రోడ్ల మీద అరువది కిలోమీటర్లు పోవువారు తిరిగివచ్చు దారిలో ఛార్జింగు ఎక్కడ అని ముందు తేల్చుకొనవలెను.

బీమాలో ఒక భాగమును చాల కుటుంబములు ఎరుగవు. 2018 సెప్టెంబరు నుండి క్రొత్త ద్విచక్ర వాహనములకు అయిదేండ్ల మూడవపక్షపు బీమా తప్పనిసరియైనది. అది మన బండి వలన ఇతరులకు కలుగు నష్టమునకు. బండి యజమాని తానే నడుపుచు మరణించినచో అతని వారసులకు 15 లక్షల రూపాయలు ఇచ్చు వ్యక్తిగత ప్రమాద బీమా వేరు. తరచుగా మొదటి సంవత్సరము తరువాత దీనిని ఎవరును పొడిగింపరు. లైసెన్సు లేకున్న అదియు చెల్లదు. ఇంటి పెద్ద పోయిన తరువాత పాలసీ కాగితము పట్టుకొని పంచాయతీ కార్యాలయమునకు వచ్చు విధవకు, ఆ పొడిగింపు జరుగలేదని చెప్పవలసి వచ్చుట కన్న కష్టమైన పని వేరొకటి లేదు. బండి కొన్న దినముననే ఇంటి గోడమీది క్యాలెండరులో పొడిగింపు తేదీ గుర్తించి పెట్టుకొనుమని చెప్పుడు.

పాత బండి కొనువారు మొదట అచ్చువేసిన ఛాసిస్ సంఖ్యను, ఇంజను సంఖ్యను రిజిస్ట్రేషను పత్రముతో పోల్చి చూడవలెను. చలాను బాకీలు చూడవలెను. రిజిస్ట్రేషను పదునైదు సంవత్సరముల గడువు ఎప్పుడు ముగియునో చూడవలెను. ఇంజను చల్లగా నున్నపుడే స్టార్టు చేయించవలెను. ముందుగా వేడిచేసి ఉంచిన ఇంజను తన రోగమును దాచును. గొట్టమునుండి నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నది. అమ్మువాడు కూడ జాగ్రత్తపడవలెను. చేతికి డబ్బు వచ్చినది గదా అని 29, 30 నంబరు ఫారములు పూర్తిచేసి పేరు మార్పించకున్నచో, ఆ బండి వేరొకనిని గుద్దినపుడు పరిహారమునకు రిజిస్టరులో పేరున్న యజమానియే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పినది. అట్లే అప్పు తీరిన తరువాత ఋణదాతనుండి బాకీ లేదను పత్రము, 35వ నంబరు ఫారము పుచ్చుకొని, రవాణా కార్యాలయములో రిజిస్ట్రేషను పత్రముమీది తాకట్టు గురుతును తొలగింపించుకొనవలెను. అది తొలగనిదే బండిని వేరొకరి పేరు మార్పించుట సాగదు. జామీను పెట్టిన సభ్యుడు కూడ ఆ పత్రపు నకలు ఒకటి తనవద్ద ఉంచుకొనవచ్చును.